యిర్మీయా 18: కుమ్మరి ఇంటి అధ్యాయాన్ని సగంలో ఆపకుండా చదవడం ఎలా

యిర్మీయా గ్రంథం 18వ అధ్యాయం మనలో చాలామందికి సగమే తెలుసు. ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్లడం, సారె మీద కుండ చెడిపోవడం, అదే మట్టితో కుమ్మరి ఇంకో కుండ చేయడం. ప్రసంగం ఆరో వచనం దాకా వస్తుంది, “మనం మట్టి, ఆయన కుమ్మరి, అంతా ఆయన ఇష్టం” అన్న మాటతో ముగుస్తుంది. విన్నవాళ్లు దాన్ని తలరాత కింద జమకట్టుకుని ఇంటికి వెళ్తారు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఇక మనం మారినా మారకపోయినా ఒకటే కదా అనుకుంటారు. కానీ ఏడో వచనం నుంచి పదో వచనం వరకు దేవుడు చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు.

గృహ కూడికలోనో యూత్ మీటింగ్‌లోనో ఈ అధ్యాయం చెప్పాల్సిన వంతు మీకు వచ్చిందనుకోండి, లేదా ఒంటరిగా కూర్చుని చదవాలనుకుంటున్నారనుకోండి. ఏ వరసలో వెళ్తే బాగుంటుందో కింద రాస్తున్నాను. బైబిలు, తెల్లకాగితం, పెన్సిలు ఉంటే చాలు. పాత అనువాదంలోని గ్రాంథికం కష్టమనిపిస్తే పక్కన వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పెట్టుకోండి. ఒక్క సాయంత్రంలో పూర్తి చేయాలని చూడకండి. ఇది రెండు మూడు సాయంత్రాల పని.

మొదట అధ్యాయం మొత్తం గట్టిగా చదవండి

23వ వచనం వరకు, ఎక్కడా ఆగకుండా. వ్యాఖ్యానాలు ఇప్పుడే తెరవకండి. చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో మాత్రం కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. మొదట దేవుడు ప్రవక్తతో మాట్లాడతాడు, తర్వాత ప్రజలతో. 12వ వచనంలో ప్రజల జవాబు ఉంటుంది. 18లో వాళ్లు యిర్మీయా మీద కుట్ర పన్నుతారు. చివర్లో యిర్మీయా ప్రార్థన. ఒకే అధ్యాయంలో ఇన్ని గొంతులున్నాయి. ఒక్క కుమ్మరి బొమ్మతో సరిపెడితే మిగతావన్నీ వినపడకుండా పోతాయి.

కాలం రాసుకోండి

దీనికి పది నిమిషాలు చాలు, కానీ వదిలేయకండి. కాగితం మీద ఒక గీత గీసి ఈ సంవత్సరాలు వేయండి. క్రీ.పూ. 627లో, యూదా రాజు యోషీయా ఏలుబడి 13వ ఏట, యిర్మీయాకు పిలుపు వచ్చింది. 609లో యోషీయా మెగిద్దో దగ్గర చనిపోయాడు, కొద్ది నెలలకే యెహోయాకీము గద్దెనెక్కాడు. 605లో బబులోనువాళ్లు కర్కెమీషు దగ్గర ఐగుప్తు సైన్యాన్ని ఓడించారు. 597లో యెరూషలేము నుంచి పెద్ద గుంపును చెరపట్టుకుపోయారు. 587లో (కొందరి లెక్కలో 586) పట్టణం, దేవాలయం తగలబడ్డాయి.

పిలుపుకీ పతనానికీ మధ్య 40 ఏళ్లున్నాయి. దేవుని ఓర్పు గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకె మీ ముందు ఉండాలి. 25వ అధ్యాయంలో యిర్మీయాయే లెక్క చెబుతాడు: 23 ఏళ్లుగా పెందలకడ లేచి మీకు చెబుతూనే ఉన్నాను, మీరు వినలేదు అని. ఆ మాట అన్నాక కూడా దాదాపు మరో 18 ఏళ్లు గడువు దొరికింది. 18వ అధ్యాయానికి గ్రంథంలో తేదీ ఇవ్వలేదు, దాన్ని ఫలానా ఏడు అని బిగించి చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఈ 40 ఏళ్ల లోపలి మాట అని తెలిస్తే చాలు.

7 నుంచి 10 వచనాలను రెండు నిలువు వరుసల్లో రాయండి

అధ్యాయానికి తాళంచెవి ఇదే, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు కూర్చోండి. ఎడమవైపు 7, 8 వచనాలు. ఒక జనాన్ని పెళ్లగిస్తానని, విరగ్గొడతానని, నాశనం చేస్తానని నేను చెప్పినప్పుడు, ఆ జనం చెడుతనం మానుకుంటే, చేయాలనుకున్న కీడు నేను చేయను. కుడివైపు 9, 10. ఒక జనాన్ని కడతానని, నాటుతానని చెప్పినప్పుడు, ఆ జనం నా మాట వినకుండా చెడు చేస్తే, చేయాలనుకున్న మేలు నేను చేయను.

ఇప్పుడు 1వ అధ్యాయం 10వ వచనం తీసి పక్కన పెట్టండి. యిర్మీయాను పిలిచిన రోజే దేవుడు అతని చేతికి ఈ పనులే ఇచ్చాడు: పెళ్లగించడం, విరగ్గొట్టడం, కట్టడం, నాటడం. అంటే కుమ్మరి ఇంట్లో చెప్పింది కొత్త పాఠం కాదు. పిలుపులో ఇచ్చిన పని ఏ పద్ధతిలో నడుస్తుందో ఇక్కడ విప్పి చెబుతున్నాడు.

రాసుకున్నాక మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. ఇందులో దేవుని అధికారం తగ్గిందా? తగ్గలేదు. ఏ జనాన్నైనా, ఒక్క ఇశ్రాయేలునే కాదు, కట్టేదీ కూల్చేదీ ఆయనే. మరి మనుషులు చేసేదానికి విలువ లేదా? ఉంది, కూల్చుతానన్న మాట వాళ్లు తిరిగితే ఆగిపోతుంది. ఈ రెండూ ఒకే నోట వచ్చాయి. చేతిలో చెడిపోయిన మట్టిని పారేయకుండా మళ్లీ సారె మీదికి ఎత్తడానికి కుమ్మరికి ఉన్న హక్కు, కూల్చడానికి ఉన్న హక్కు ఒకటే. ఆ హక్కును దేవుడు ముందుగా ఎటు వాడాలనుకుంటాడో 11వ వచనం చూపిస్తుంది. మీ మీదికి కీడు సిద్ధం చేస్తున్నాను అంటాడు, ఆ వెంటనే, మీలో ప్రతివాడూ తన చెడు మార్గం విడిచి తిరగండి అంటాడు. దెబ్బ వేయడమే ఉద్దేశమైతే ముందుగా చెప్పడం దేనికి?

ఇంకో జాగ్రత్త. ఈ నాలుగు వచనాలు జనం గురించి, రాజ్యం గురించి చెప్పినవి. వాటిని తెచ్చి నేరుగా ఒక మనిషి జ్వరానికో ఉద్యోగం పోవడానికో అంటించకండి. దీని గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

19వ అధ్యాయం కలిపి చదవండి

18, 19 అధ్యాయాల్ని విడదీయడమే పెద్ద తప్పు అని నా అభిప్రాయం. 19లో యిర్మీయా మట్టి కూజా ఒకటి కొంటాడు. పెద్దల్నీ యాజకుల్నీ వెంటబెట్టుకుని బెన్‌హిన్నోము లోయకు వెళ్తాడు. పిల్లల్ని అగ్నిలో బలిగా ఇచ్చిన తోఫెతు అక్కడే ఉంది. వాళ్ల కళ్లముందే కూజా పగలగొట్టి, మళ్లీ బాగుచేయలేకుండా కుమ్మరి కుండ పగిలినట్టే ఈ జనాన్నీ ఈ పట్టణాన్నీ పగలగొడతానని దేవుడు చెప్పిన మాట వినిపిస్తాడు.

తేడా చూశారా? 18లో మట్టి పచ్చిగా ఉంది. సారె మీద ఎన్నిసార్లు చెడినా నీళ్లు తడిపి మళ్లీ ముద్ద చేయొచ్చు. 19లో ఉన్నది ఆవంలో కాలిన కూజా. దాన్ని మళ్లీ ముద్ద చేయలేం, మిగిలేవి పెంకులే. ఈ వరస విద్యార్థులకు చెప్పాలంటే మన సామెత ఒకటి చాలు: కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. సామెత చెప్పేది చేసినవాడి ఏడాది కష్టాన్ని పగలగొట్టేవాడి ఒక్క దెబ్బ పాడుచేస్తుందని. ఇక్కడ మాత్రం ఆ ఏడాది కష్టపడిందీ, గుదియ ఎత్తిందీ ఒకరే. అందుకే ఈ రెండు అధ్యాయాలు చదువుతుంటే కోపం కన్నా ముందు బాధ వినపడుతుంది.

మట్టి ఎప్పుడు గట్టిపడింది? దానికి జవాబు 18:12లో ఉంది. తిరగండి అని దేవుడు అడిగితే వాళ్లు “లాభం లేదు, మా ఆలోచనల ప్రకారమే నడుచుకుంటాం” అన్నారు. తలరాత మాట ఈ అధ్యాయంలో ఎవరి నోట వచ్చిందో గమనించండి. దేవుని నోట రాలేదు. మారకూడదనుకున్నవాళ్ల నోట వచ్చింది.

ఆ పద్ధతి నిజంగా నడిచిందో లేదో పరీక్షించండి

ఇప్పుడు 26వ అధ్యాయానికి వెళ్లండి. యెహోయాకీము ఏలుబడి మొదట్లో యిర్మీయా దేవాలయం ఆవరణలో నిలబడి, ఈ మందిరం షిలోహులా (అంతకుముందే పాడైపోయిన పాత ఆరాధన స్థలం) అవుతుందని ప్రకటించాడు. యాజకులు, ప్రవక్తలు అతన్ని పట్టుకుని చంపాలన్నారు. అప్పుడు పెద్దల్లో కొందరు లేచి పాత సంగతి ఒకటి గుర్తుచేశారు. హిజ్కియా రాజు రోజుల్లో మోరష్తీయుడైన మీకా కూడా సీయోనును చేనులా దున్నేస్తారని ప్రకటించాడు. హిజ్కియా అతన్ని చంపాడా? యెహోవాకు భయపడి వేడుకున్నాడు, కీడు తప్పిపోయింది.

మీకా 3:12 తీసి చూడండి. అందులో “ఒకవేళ మీరు మారితే” అన్న షరతు ఎక్కడా లేదు. దున్నేస్తారు, అంతే. అయినా 701లో అష్షూరు రాజు సన్హెరీబు సైన్యం చుట్టుముట్టినప్పుడు కూడా యెరూషలేము పడలేదు. మీకా అబద్ధ ప్రవక్త అని ఎవరూ అనలేదు, ఆ మాట జరగకపోవడమే దాని ఫలితం అని వందేళ్ల తర్వాత ఆ ఊరి పెద్దలకు తెలుసు. హెచ్చరికలో షరతు పలకకపోయినా లోపల ఉంటుందని 18:7, 8 చెప్పిందానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం బైబిల్లో వెతకనక్కర్లేదు. ఆ రోజు షాఫాను కొడుకు అహీకాము అండగా నిలబడటంతో యిర్మీయా బతికాడు. అదే అధ్యాయం చివర్లో ఊరియా అనే ఇంకో ప్రవక్తను ఐగుప్తు నుంచి పట్టి తెచ్చి చంపిన సంగతీ ఉంది. దాన్ని దాటేయకండి, మాట చెప్పినవాళ్లంతా బతకలేదు.

రెండో పరీక్ష అష్షూరువాళ్ల పట్టణం నీనెవె. యోనా ఇచ్చిన గడువు 40 రోజులు, అక్కడా షరతు లేదు. ఊరు తిరిగింది, దేవుడు ఆగాడు, ప్రవక్త అలిగాడు. యోనా 4:2లో అతని ఫిర్యాదు చదవండి: నువ్వు దీర్ఘశాంతం గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అంటాడు. నిర్గమకాండం 34:6లో మోషే విన్న మాటలే అవి. ఇప్పుడు నహూము 1:3 తెరవండి. అదే నీనెవె గురించి, అదే దీర్ఘశాంతం మాటతో మొదలుపెట్టి, దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు అని ముగిస్తాడు. క్రీ.పూ. 612లో నీనెవె పడింది. యోనా పేరు 2 రాజులు 14:25లో రెండో యరొబాము కాలంలో కనిపిస్తుంది, అంటే ఎనిమిదో శతాబ్దం. మధ్యలో వంద ఏళ్లకు పైనే గడిచాయి. మీ కాగితం మీద ఎడమ వరుసకు యోనా, కుడి వరుసకు నహూము అని రాసుకోండి.

ఓర్పుకు హద్దు ఎక్కడుందో కూడా చూడండి

ఓర్పు గురించి మాత్రమే చెప్పి ఆపితే వినేవాళ్లకు సుఖంగా ఉంటుంది, కానీ ప్రవక్తలు అలా ఆపలేదు. ఆమోసు 4:6 నుంచి 11 దాకా చదవండి. కరువు, వాన లేకపోవడం, పంట తెగులు, చావు, పట్టణాలు కూలడం. ఒక్కో దాని తర్వాత, అయినా మీరు నా వైపు తిరగలేదు అన్న మాట ఐదుసార్లు వస్తుంది. 7వ అధ్యాయంలో మిడతలు వస్తాయంటే ఆమోసు వేడుకుంటాడు, దేవుడు ఆపుతాడు. అగ్ని వస్తుందంటే మళ్లీ వేడుకుంటాడు, మళ్లీ ఆపుతాడు. మూడోసారి మట్టపుగుండు చూపిస్తాడు. ఈసారి ఆమోసు వేడుకోడు, దేవుడు ఆపడు.

యిర్మీయా 15:6లో ఇంకా కటువుగా ఉంటుంది, ఊరుకుని ఊరుకుని విసిగిపోయాను అంటాడు దేవుడు. మోషే, సమూయేలు వచ్చి నిలబడినా ఇక లాభం లేదని అంతకు కొద్దిగా పైనే అన్నాడు. ఈ వచనాలు చదివాక వెంటనే హోషేయ 11:8, 9 చదవండి. ఎఫ్రాయిమూ, నిన్ను ఎలా విడిచిపెట్టను, అద్మాలా సెబోయీములా నిన్ను ఎలా చేయను, నేను మనిషిని కాను, దేవుణ్ని. అద్మా, సెబోయీము సొదొమ గొమొర్రాలతో కలిసి నాశనమైన ఊళ్లు. అయినా క్రీ.పూ. 722లో ఎఫ్రాయిము, అంటే ఉత్తర ఇశ్రాయేలు, రాజధాని షోమ్రోను పడింది. విడువలేనన్నదీ నిజమే, పడిందీ నిజమే. ఈ రెంటినీ చక్కగా అతికించి చూపించే వాక్యం కోసం వెతకకండి, హోషేయ కూడా అతికించలేదు. ఆ ఇబ్బందిని అలాగే కూడికలో పెట్టండి, మాట్లాడుకోనివ్వండి.

ప్రవక్తను కూడా వదలకండి

18వ అధ్యాయం చివరికి మళ్లీ రండి. ప్రజలు కుట్ర చేశాక యిర్మీయా ఏం ప్రార్థించాడు? వాళ్ల పిల్లల్ని కరువుకు అప్పగించు, వాళ్ల పాపాన్ని క్షమించకు. కుమ్మరి ఇంట్లో దేవుని ఓర్పును కళ్లారా చూసినవాడే ఈ మాట అన్నాడు. ఆ ప్రార్థనకు జవాబుగా దేవుడు అతన్ని గద్దించినట్టు ఇక్కడ రాయలేదు, మెచ్చుకున్నట్టూ రాయలేదు. కానీ 36:3 చూడండి: ఒకవేళ యూదావాళ్లు విని తిరుగుతారేమో, అప్పుడు నేను క్షమిస్తాను అని దేవుడు గ్రంథం రాయించాడు. ఆ “ఒకవేళ” ప్రవక్త నోట కన్నా దేవుని నోటనే ముందు వచ్చింది. యిర్మీయా చెబుతుంటే అతని లేఖకుడు బారూకు రాసిన ఆ చుట్టను, మూడు నాలుగు పేరాలు చదివి వినిపించినప్పుడల్లా, చలికాలపు ఇంట్లో కూర్చున్న యెహోయాకీము చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు. యిర్మీయా, బారూకు మళ్లీ రాశారు. మొదటిదానికన్నా ఎక్కువే రాశారు.

దారి తప్పిన కొడుకు కోసమో తమ్ముడి కోసమో ఏళ్ల తరబడి ప్రార్థన చేస్తున్నవాళ్లు మీ కూడికలో ఉంటే, విసుగు పుట్టడం వింత కాదని వాళ్లకు చెప్పడానికి 18:23 పనికొస్తుంది. దాన్ని చదివి ఆపకుండా 36:3 కూడా చదవండి.

అన్వయించేటప్పుడు

ఇక్కడే టెన్షన్. కాబట్టి కొన్ని గీతలు ముందే గీసుకోండి. ఒకరి ఇంట్లో చావు జరిగితే, పంట పోతే, పిల్లలు పుట్టకపోతే, “దేవుడు పగలగొట్టాడు” అని 19వ అధ్యాయం తీసి చూపించకండి. ఆ కూజా పగిలింది పిల్లల్ని కాల్చిన లోయలో, పెద్దల ముందు, ఒక రాజ్యం మొత్తానికి చెప్పడానికి. మొదట దాన్ని అధికారంలో ఉన్నవాళ్లకు, సంఘాన్ని నడిపించేవాళ్లకు, అంటే చెబుతున్న మీకే అన్వయించుకోండి.

వాగ్దానాల విషయంలోనూ ఇదే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీస్తే యిర్మీయా 29:11 రావడం మామూలే. మంచి వచనమే. కానీ అది 597లో చెరకు వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరం. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. అప్పటికి పెద్దవాళ్లైనవారిలో ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూడలేదు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పిన హనన్యాను యిర్మీయా అబద్ధ ప్రవక్త అన్నాడు. కార్డు తీసినవాళ్లను నిరుత్సాహపరచమని కాదు, 5వ వచనం నుంచి చదివించండి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి. ఆ కట్టడం, నాటడం ఈసారి బబులోనులో, వాళ్ల చేతులతో.

చివరి కూడికకు 32వ అధ్యాయం

ఇక్కడ మూడో మట్టిపాత్ర ఉంది. సిద్కియా ఏలుబడి పదో ఏట, బబులోను సైన్యం పట్టణాన్ని ముట్టడించి ఉండగా, చెరసాల ఆవరణలో ఉన్న యిర్మీయా తన సొంతూరు అనాతోతులోని పొలాన్ని పినతండ్రి కొడుకు హనమేలు దగ్గర 17 తులాల వెండికి కొన్నాడు. క్రయపత్రాలు చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని బారూకుతో చెప్పాడు. పచ్చిమట్టి, పగిలిన కూజా, పత్రాలు దాచిన కుండ. ఈ మూడింటినీ వరసగా కాగితం మీద రాసి, 18, 19, 32 అని అంకెలు వేయండి. రెండోదాని తర్వాత మూడోది ఎలా వచ్చింది అని కూడికలో అడిగి, జవాబు మీరు చెప్పకుండా కాసేపు ఆగండి. 32:27 దగ్గరికి వాళ్లే వస్తారు.

“దేవుడు మనసు మార్చుకుంటాడా?” అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వాళ్లకు 1 సమూయేలు 15 ఇవ్వండి. 11వ వచనంలో సౌలును రాజును చేసినందుకు దేవుడు నొచ్చుకున్నాడని ఉంది, 29లో ఆయన మనిషిలా మనసు మార్చుకునేవాడు కాడని ఉంది. ఒకే అధ్యాయంలో రెండూ రాసినవాడికి ఆ ఇబ్బంది కనిపించలేదనుకోవడం కష్టం. ఇంకొకరు రోమా 9 తెస్తారు. అక్కడ పౌలు కుమ్మరి గురించి రాసేటప్పుడు యెషయా 29:16, 45:9 కూడా వెనక ఉన్నాయి. యెషయా 45లో ఆ మాట కోరెషు అనే అన్యరాజు చేత తన జనాన్ని విడిపించడాన్ని ప్రశ్నించేవాళ్లకు చెప్పింది. అదంతా ఇంకో వారానికి పెట్టుకోండి. అప్పుడు రోమా 9తో మొదలుపెట్టకుండా యెషయా 44:28 నుంచి మొదలుపెట్టండి.